దేవుని గూటిలో పెట్టిన మిరప గింజ

కొత్తగా మిరపనారు వ్యాపారం మొదలుపెట్టిన ఇద్దరు ఆడపిల్లలు మొన్న మా ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, నీకు తెలిసింది రాసియ్యి" అని అడిగారు. నేను బడికి పోయినదాన్ని కాను. ధర్మవరంలో మా నాయన మగ్గం గుంతలో కూర్చుని పట్టు నేస్తూ, పక్కన నేల మీద నా చేత అక్షరాలు దిద్దించాడు. ఆయన నేర్పినంతవరకే నా చదువు. అదైనా ఇచ్చినందుకు ఆయనకు, ఆయనను నాకిచ్చిన స్వామికి రోజూ ఒక దణ్ణం పెట్టుకుంటాను.

పెళ్లై గార్లదిన్నె పక్క పల్లెకు వచ్చాను. అక్కడ మా ఇంటి పెరట్లోనే పాతికేళ్లకు పైగా మిరపనారు పోశాను, రెండు రకాల మిరపను కలిపి కొత్త రకం తీశాను. పంతొమ్మిది వందల డెబ్బైల్లో మొదలుపెట్టి, కళ్లు మసకబారేదాకా చేసిన పని అది. ఏ ఎరువు ఎంత వేయాలో మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు చెప్పనివి మాత్రం ఇక్కడ రాస్తాను. అందులో ముఖ్యమైనది నేను చేసిన ఒక తప్పు.

మా అత్త కొలువు

నాకు మొదటి పై అధికారి మా అత్త. అంతకంటే కఠినమైన అధికారి ఏ ఆఫీసులోనూ ఉండదు. పెరట్లో బావి పక్కన నాలుగు నారుమళ్లు ఆమెవి. మృగశిర కార్తెలో గింజ చల్లితే, నలభై రోజులకు చుట్టుపక్కల పల్లెల వాళ్లు వచ్చి నారు పీక్కుపోయేవాళ్లు. వేరుశనగ తప్ప వేరే పంట తెలియని నేలలో, బావి కింద అరెకరం ఉన్నవాళ్లు మాత్రమే మిరప పెట్టేవాళ్లు. ఆ అరెకరమే వాళ్లకు ఏడాదికంతా ఆధారం.

అత్త గింజకు కాయలు ఏరేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. తొలి కోత కాయ వద్దు, చివరి కోత కాయ వద్దు, నడిమి కోతలోది తీయాలి. గట్టు మీద చెట్టుకు నీళ్లు ఎక్కువ తగులుతాయి, అది గొప్పగా కనిపిస్తుంది, దాన్ని నమ్మకూడదు. మడి నడుమ, అందరితోపాటు దప్పికకు ఓర్చుకున్న చెట్టునే నమ్మాలి. గింజను నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, ఎండిన సొరబుర్రలో పోసి పెట్టేది.

ఒకసారి నేను గట్టు మీది చెట్టు నుంచి నిగనిగలాడే నాలుగు కాయలు తెచ్చి చూపించాను. అత్త వాటిని పట్టుకుని చూసి, "ఏమే, అంగట్లో బొమ్మలు ఏరినట్ల ఏరినావే. ఇవి నీళ్లు తాగిన మొగాలు. కూరలోకి కొయ్యి పో" అంది.

చిన్నబుచ్చుకున్నాను. కానీ మీకు మొదట చెప్పవలసిన మాట ఇదే. బాగున్న చెట్టును చూడగానే, దాన్ని బాగు చేసింది చెట్టు గుణమా, అది నిలబడిన చోటా అని అడగండి. మనుషుల విషయంలోనూ ఇది పనికొస్తుంది.

పువ్వు విప్పడం

రెండు రకాలను కలపడం నాకు నేర్పింది సుబ్బరాయుడు గారు. ఆయన మా వైపు పల్లెలకు గ్రామసేవక్, అంటే రైతులకు సాగు మెళకువలు చెప్పే సర్కారు మనిషి. సైకిలు మీద వచ్చేవాడు, ఎవరింట్లోనైనా మజ్జిగ తాగేవాడు, వినేవాళ్లు దొరికితే చెప్పేవాడు. వినడానికి మగవాళ్లకు తీరిక ఉండేది కాదు. నారుమడి దగ్గర నేను విన్నాను.

మా నాటు మిరప సన్నగా, పొట్టిగా, ఆకాశం వైపు చూస్తూ కాస్తుంది. నిప్పు లాంటి కారం. వాన లేకపోయినా బతుకుతుంది. కానీ రంగు తక్కువ, దిగుబడి తక్కువ. కన్నడ సీమ నుంచి వచ్చే బ్యాడగి కాయ ముడతలు పడి, పొడుగ్గా, కుంకుమలా ఎర్రగా ఉంటుంది. కారం మాత్రం పెద్దగా ఉండదు. దానికి నీళ్లు కావాలి. "ఈ రెండింటికీ పెళ్లి చేస్తే ఎట్లుంటాది తల్లీ?" అన్నాడాయన ఒకనాడు. ఆ మాట నాలో నాటుకుంది.

పని ఇట్లా ఉంటుంది. మరుసటి ఉదయం విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు పొద్దు వాలేటప్పుడు ఎంచుకోవాలి. రేకులను సుతారంగా విప్పి, లోపల ఉన్న పుప్పొడి తిత్తులను ఒక్కటి కూడా మిగలకుండా తీసేయాలి. నడుమ ఉన్న ఆడ కాడకు గీత కూడా పడకూడదు. మీద దూదిపింజ కప్పాలి. పొద్దున్నే వెళ్లి, రెండో రకం పువ్వు పుప్పొడిని తెచ్చి ఆ కాడ కొనకు అద్దాలి. మళ్లీ దూది కప్పి గుర్తు కట్టాలి. చిక్కుపడిన పట్టుపోగులు విడదీయడానికి మా పుట్టింట్లో వాడే చిన్న పట్టకారు తెచ్చుకున్నాను. గుర్తుకు కూడా మా పుట్టింటి పట్టుపోగుల ముక్కలే. ఏ తండ్రి చెట్టు పుప్పొడి అద్దితే ఆ రంగు పోగు.

మొదటి ఏడు అన్నీ రాలిపోయాయి. నేత ఇంటిపిల్లను కదా, ముడి బిగించి వేశాను. పట్టు తెగదు. పువ్వు కాడ కోసుకుపోయి, మూడో నాటికి అన్నీ నేల మీద పడ్డాయి. సుబ్బరాయుడు గారు చూసి నవ్వాడు. "చీర నేస్తాండావా తల్లీ? తాళి కట్టమంటే ఉరి బిగించినావే!"

ఆ తర్వాత ముడి వదులుగా వేయడం నేర్చుకున్నాను. స్నానం చేసి, దీపం పెట్టి, ఒక్కో పువ్వుకు ఒక్కసారి నరసింహస్వామిని తలుచుకుంటూ పుప్పొడి అద్దేదాన్ని. దాని వల్ల కాయ నిలిచిందని చెప్పను. నా చెయ్యి వణకలేదు, అంతే. చెయ్యి వణకకపోవడం ఈ పనిలో చిన్న వరమేమీ కాదు.

రెండో ఏడు డజనుకు పైగా కాయలు నిలిచాయి. వాటి గింజలు పోస్తే, ఆపై ఏడు పెరట్లో ఒక మడి నిండా చెట్లు లేచాయి. ఆ మడిని చూసినవాళ్లు ఇంకా మరచిపోలేదు. చెట్టుకూ చెట్టుకూ తేడా లేదు. అన్నీ నడుమెత్తు, అన్నింటికీ పొడుగు కాయ, బ్యాడగి ఎరుపు, మా నాటు కారం. మా అత్త అప్పటికి మంచం పట్టి ఉంది. ఒక కాయ కొరికి, కళ్లలో నీళ్లు వచ్చాక, "పర్వాలేదు" అంది. ఆమె నోట అంతకు మించిన మెప్పు నేను వినలేదు.

సుబ్బరాయుడు గారు చెప్పిన మాట

ఆ సమయంలోనే ఆయనకు తనకల్లు వైపు బదిలీ అయింది. పోయే ముందు మడి చూడడానికి వచ్చాడు. చాలాసేపు చూసి, ఒక మాట చెప్పాడు.

"తల్లీ, ఈ కాయలు తిను, ఎండబెట్టు, అమ్ముకో. గింజ మాత్రం ఎవురికీ ఇయ్యొద్దు. ఇది తొలి తరం. రెండో తరంలో తాతలు, అవ్వలు అందరూ బయటికొస్తారు. ముందు నీ మడిలోనే ఒకసారి పోసి చూడు."

నేను తల ఊపాను. మాట విన్నాను, కానీ నమ్మలేదు. తల్లీ మంచిదే, తండ్రీ మంచివాడే, బిడ్డలందరూ ఒక్క పోలికతో బంగారంలా ఉన్నారు. ఆ బిడ్డల బిడ్డలు మాత్రం ఎందుకు చెడతారు? పైగా ఊళ్లో అందరూ పొగుడుతున్నారు. పొగడ్త చెవిలో పడుతున్నప్పుడు జాగ్రత్త మాట వినిపించదు.

ఓబులమ్మ అప్పుడు వచ్చింది.

ఓబులమ్మ చేను

ఓబులమ్మది మా పక్క వీధి. నాకంటే రెండేళ్లు చిన్న. బావి కింద అరెకరం ఉంది. భర్త మెతక మనిషి, సంసారం ఈమె నడిపేది. ప్రతి ఏడూ పుష్యమాసం పోయేసరికి ఇంటికి తాళం వేసి, మొగుడూ పెళ్లాలూ కూతురిని వెంటబెట్టుకుని సుగ్గికి పోయేవాళ్లు. సుగ్గి అంటే కోస్తా వైపు మిరపకోతల కూలి. రెండు మూడు నెలలు అక్కడే చేలగట్ల మీద గుడిసెలు. కూతురు గంగమ్మకు అప్పుడు పదేళ్లు ఉంటాయి. ఏడాదిలో కొన్నాళ్లు బడి, కొన్నాళ్లు కోతలు. ఇంకొక్క ఏడు ఇట్లా నడుమ బడి మానితే పేరు తీసేస్తామని అయ్యవారు చెప్పేశాడు.

"లచ్చుమక్కా, ఈ తూరి నేను సుగ్గికి పోను," అంది మా పెరట్లో మడి ముందు నిలబడి. "ఊరోళ్ల మిరప ఎన్నేండ్లు కోసేది? నా అరెకరంలో శనక్కాయ ఎయ్యను. నీ కొత్త మిరప పెడతా. నాకు గింజియ్యి. పిల్ల ఈడనే ఉంటాది, బడికి పోతాది."

చేత్తో కలిపిన గింజ అరెకరానికి సరిపోయేంత నా దగ్గర లేదు. ఉన్నది ఆ మడి చెట్ల కాయల్లోని గింజ. సుబ్బరాయుడు గారు ఇవ్వొద్దన్న గింజ. ఒక్క ఏడు ఆగమని నేను చెప్పవచ్చు. చెప్పలేదు.

ఏం చేశానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ గింజను చిన్న మూట కట్టి, మా ఇంటి దేవుని గూటిలో మూడు రోజులు పెట్టాను. మూడు పూటలా దీపం వెలిగించాను. దీపం ఒక్కసారి కూడా ఆరిపోలేదు. స్వామి సరేనన్నాడని అనుకున్నాను. నాలుగో నాడు ఆ గింజను చేటలో పోసి ఓబులమ్మ ముందు పెట్టాను. మిరపను చేతికి ఇస్తే తగవులొస్తాయని మా వైపు నేల మీదే పెడతాం. ఆమె చేట ఎత్తుకుని కళ్లకు అద్దుకుంది.

మీరు ఏ దేవుణ్ణి నమ్మినా నమ్మండి. కానీ నారుమడిలో పోసి చూడవలసిన దాన్ని దేవుని గూటిలో పెట్టి చూడకండి. స్వామి నాకు రెండు కళ్లు ఇచ్చాడు, పెరట్లో మడి ఇచ్చాడు, హెచ్చరించడానికి ఒక మంచి మనిషిని సైకిలు మీద పంపాడు. ఇంకేమివ్వాలి? ఇచ్చిన దాన్ని వాడుకోకుండా ఇంకో సూచన అడగడం భక్తి కాదు. అది సోమరితనం. నాది పొగరు కూడా.

కార్తీకంలో

చెట్లు పిందె పట్టేదాకా ఏమీ తెలియలేదు. కార్తీకంలో ఓబులమ్మ నన్ను పిలిపించింది. పోయి గట్టు మీద నిలబడ్డాను.

మోకాలెత్తు చెట్టు పక్కన నడుమెత్తు చెట్టు. ఒకదానికి సన్న కాయ, ఒకదానికి ముడతల కాయ, ఒకదానికి ఉసిరికాయంత గుండు కాయ. కొన్నింటికి కారం లేనే లేదు. కొన్నింటికి చెట్టు నిండా ఆకులే. నాటు మిరప తాతలు, బ్యాడగి అవ్వలు, వాళ్ల వెనక ఎవరో తెలియని ముత్తాతలు, అందరూ ఒకే చేలో లేచి నిలబడ్డారు.

"ఏమక్కా, ఇదేం సంతానం?" అంది ఓబులమ్మ. గొంతు పెద్దది చేయలేదు. "ఒగటి ఆకాశం జూస్తాండాది, ఒగటి నేల జూస్తాండాది. గింజను మూడు దినాలు దేవుని కాడ పెట్టినా అంటివే. నీ దేవుడు యాడ జూస్తాండాడు?"

"దేవుని తప్పు కాదు ఓబులమ్మా. నాది. ఈ గింజ ఇయ్యొద్దని సుబ్బరాయుడు సారు చెప్పినాడు. నేనే ఇచ్చినా."

ఆమె నా వైపు తిరిగింది. "తెలిసి ఇచ్చినావా?"

"చెప్పినాడు. నేను నమ్మలే."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కొంగు దోపుకుని నీళ్లు మళ్లించడానికి పోయింది. నిలబడి ఉన్న పంట కదా, నీళ్లు పెట్టక తప్పదు.

తప్పును ఎవరి ముందు చేశామో వాళ్ల ముందే చెప్పుకోవాలి. అట్లా చెప్పుకుంటే తేలికవుతుందని పెద్దలు అంటారు. నాకు కాలేదు. కానీ చెప్పకపోయి ఉంటే ఆమె తన నేలను, తన బావిని, తన చేతిని తప్పుపట్టుకుంటూ ఉండిపోయేది. అందుకోసమైనా చెప్పాలి.

కోతకు ప్రతిరోజూ పోయాను. ఇద్దరం కలిసి చెట్టు చెట్టుకూ విడిగా కోసి, కళ్లంలో రకరకాలుగా కుప్పలు పెట్టాం. అయినా ఏ కుప్పలోనూ కాయలు ఒక్క పోలికగా లేవు. మండీలో మూట విప్పగానే వ్యాపారి చెయ్యి పెట్టి కలియబెట్టి, పక్కవాడిని పిలిచి చూపించాడు. "ఇది మిరపకాయల మూటనా, పెండ్లోళ్ల గుంపా? ఒగరి పోలిక ఒగరికి లేదే!" ఏరిన సన్నకాయ కొంత తీసుకున్నాడు. మిగిలింది వద్దన్నాడు.

పుష్యం చివర ఓబులమ్మ ఇంటికి తాళం వేసింది. గంగమ్మ సంచీ మోస్తూ తల్లి వెంట నడిచింది. బడిలో పేరు పోయింది. ఆ పిల్ల మళ్లీ బడికి పోలేదు. ఇప్పుడు పిల్లలూ మనవళ్లూ ఉన్న మనిషి. కనిపిస్తే నవ్వుతూ పలకరిస్తుంది, చదవాల్సిన కాగితం ఉంటే నా దగ్గరకే తెస్తుంది. అద్దాలు పెట్టుకుని చదివి పెడతాను. ఆమె నవ్వినప్పుడల్లా నాకు మనసులో ఒక ముల్లు కదులుతుంది. దాన్ని తీసే పట్టకారు నా దగ్గర లేదు.

నడుముతో చూడడం

పోతూ పోతూ ఓబులమ్మ ఒక మాట అంది. "చేను నీకిడిసి పోతాండా అక్కా. చెట్లు ఇంకా నిలబడుండాయి. తగలబెడతావో, ఏం జేసుకుంటావో నీ ఇష్టం."

తగలబెట్టలేదు. బావిలో ఉన్న కాసిన్ని నీళ్లతో చెట్లను నిలబెట్టాను. ఒక్కో చెట్టు కాయ కొరికి చూశాను. నాలుక మండి రెండు రోజులు మజ్జిగన్నం తప్ప తినలేకపోయాను. రంగు, కారం, కరువుకు ఓర్పు మూడూ ఉన్న చెట్లు పది దాకా తేలాయి. వాటికి ఎర్ర పట్టుపోగు కట్టాను. వదులుగా.

ఉగాది దాటాక ఓబులమ్మ తిరిగొచ్చింది. ఎండకు నల్లబడి, చేతివేళ్లు పగిలి ఉన్నాయి. మరుసటి ఉదయమే నాతో చేనుకు వచ్చింది. నా పది చెట్లను ఒక్కొక్కటిగా చూస్తూ పోయింది.

"ఇది పనికిరాదు."

"ఎందుకు? కారం చూడు, రంగు చూడు."

"కాయ పీకితే తొడిమతో కొమ్మ కూడా వస్తాండాది. కూలోళ్లు చెట్టును తిట్టుకుంటా కోస్తారు. ఇదీ వద్దు, కాయలు ఆకుల సాటున దాక్కుంటాండాయి, వంగి ఎతికేదానికి నడుము ఇరుగుతాది." ఇంకో చెట్టు ముందు ఆగి, రెండు చేతులతో టకటకా నాలుగు కాయలు తెంపింది. "ఇదిగో. పట్టుకుంటే సాలు, చేతికొచ్చేస్తాది. నువ్వు నోటితో చూస్తావక్కా. నేను నడుముతో చూస్తా."

ఆ మాట మా అత్తా చెప్పలేదు, సుబ్బరాయుడు గారూ చెప్పలేదు. ఎన్నో ఏళ్లు పరాయి చేలలో వంగి కోసిన మనిషికి మాత్రమే తెలిసిన సంగతి అది. పది చెట్లలో ఆమె రెండు ఉంచింది.

అక్కడి నుంచి పని నిదానంగా సాగింది. ఆ రెండు చెట్ల గింజను విడివిడిగా మా పెరట్లోనే పోశాం. పూత సమయంలో తేనెటీగలు పక్క చెట్ల పుప్పొడి తేకుండా, గింజకు ఉంచిన కొమ్మలకు పలుచని గుడ్డ సంచులు కట్టాను. ఏటా మళ్లీ తేడాలు వచ్చేవి, ఏటా కొంచెం తక్కువ. తేడా చెట్లు పీకేసేదాన్ని. బాగా కాసిన చెట్టును పీకేటప్పుడు మనసు ఒప్పేది కాదు. ఓబులమ్మకు అట్లాంటి బాధ లేదు, వచ్చి చర్రుమని పీకి గట్టు మీద పడేసేది. కరువు వచ్చిన ఒక ఏడు నారంతా ఎండిపోయి, సొరబుర్రలో దాచిన పిడికెడు గింజతో మళ్లీ మొదలుపెట్టాం. అంతకాలమూ ఓబులమ్మ సుగ్గికి పోతూనే ఉంది. పోయినప్పుడల్లా అక్కడి చెట్లను చూసి వచ్చి కొత్త వంకలు చెప్పేది. ఏడు పంటలకు గానీ ఒక మడిలో చెట్లన్నీ ఒక్క పోలికకు రాలేదు.

వచ్చాక కూడా నేను నమ్మలేదు. ఇంకో ఏడు పోసి చూద్దామన్నాను. ఓబులమ్మే విసుక్కుంది. "అప్పుడు తొందరపడితివి, ఇప్పుడు భయపడతాండావు. నడిమధ్యన ఉండేది నీకు చేతగాదా?" అయినా ఆగింది. ఎనిమిదో పంటా ఒక్క పోలికతో కాసింది. స్వామికి దణ్ణం పెట్టుకుని, ఆపై ఏడు ఆమె అరెకరానికి గింజ కొలిచి ఇచ్చాను. ఈసారి దేవుని గూటిలో పెట్టలేదు.

ఆ ఏడు పుష్యం

మిరపకోతలకు మనుషులను కుదిర్చే మేస్త్రీ ఆ ఏడూ వచ్చాడు. నేను ఓబులమ్మ ఇంటి అరుగు మీదే ఉన్నాను. ఎర్రగా ఎండిన కాయలకు తొడిమలు తీస్తున్నాం. ఆయన చెప్పులు కూడా విడవకుండా గుమ్మం బయటి నుంచే కేకేశాడు.

"ఏమ్మా ఓబులమ్మా, మీ ఇంట్లోంచి ఎంతమంది వస్తాండారు?"

ఓబులమ్మ తల ఎత్తలేదు. "ఎవురూ రారు."

"ఏమి, ఒంట్లో బాగలేదా?"

"బాగుండాది. నా చేలో రెండో కోత ఉండాది. నాకే నలుగురు కూలోళ్లు కావాల. నీకాడ ఉంటే నువ్వే పంపించప్పా."

మేస్త్రీ మొదట నవ్వాడు. తర్వాత చేను వైపు ఒకసారి పోయి చూసి వచ్చాడు. సాయంత్రానికి ముగ్గురిని పంపాడు. నాలుగో మనిషి దొరకలేదు.

మరునాడు పొద్దున ఆ నాలుగో మనిషిగా నేను పోయాను. వరుసలో నిలబడి వాళ్లతోపాటు కోశాను. నాకు చేత కాదు, మధ్యాహ్నానికే నడుము పట్టేసింది, మిగతా ముగ్గురూ నన్ను చూసి నవ్వుకున్నారు. పొద్దు వాలాక ఓబులమ్మ అందరికీ కూలి కింద కాయలు కొలిచింది. నా వంతు వచ్చేసరికి చేటను నేల మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని ఆగింది. నేను వద్దంటానేమో అని చూసింది.

నేను కొంగు పట్టాను.